తీసేసిన లాన్ గడ్డిని ఏం చేయాలి: మళ్లీ పరవాలా, పిలకలు నాటాలా, మట్టిగా మార్చాలా?

ఇంటి ముందు వేసుకున్న లాన్‌ను తీసేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. రెండో కారు వచ్చిందని పార్కింగ్ టైల్స్ వేయించేవాళ్లు కొందరు. బోరు ఎండిపోయి వేసవిలో నీళ్లు పోయలేక విసిగిపోయినవాళ్లు కొందరు. ఆ జాగాలో నాలుగు కూరగాయ మడులు వేసుకుందామనుకునేవాళ్లు ఇంకొందరు. కారణం ఏదైనా, జరిగేది ఒకటే. మేస్త్రి ఇద్దరు కూలీలను పెట్టి, పారలతో చెక్కించి, ట్రాక్టర్‌లో పోయించి పంపించేస్తాడు.

అలా పోయేది గడ్డి ఒక్కటే కాదు. దాని కింద, వేళ్లలో చిక్కుకుని, ఏళ్ల తరబడి మీరు ఎరువు వేసి నీళ్లు పోసిన పైమట్టి ఉంటుంది. 100 చదరపు అడుగుల లాన్‌ను ఒకటిన్నర అంగుళం మందాన తీశారనుకోండి, దాదాపు 350 లీటర్ల మట్టి లేస్తుంది. తడిగా ఉంటే అది అర టన్ను బరువు. దాన్ని డబ్బులిచ్చి బయటికి పంపి, మరుసటి వారం కుండీల కోసం ఎర్రమట్టి బస్తాలు కొనుక్కొస్తాం.

తీసిన గడ్డి పెళ్లలతో చేయగలిగిన పనులు చాలానే ఉన్నాయి. వేరేచోట పరుచుకోవచ్చు, ముక్కలు చేసి నాటుకోవచ్చు, కుళ్లబెట్టి మట్టి చేసుకోవచ్చు, వాలు మీద కప్పుకోవచ్చు, ఎవరికైనా ఇచ్చేయొచ్చు. చాలామంది ముందు ఎక్కడ వేయాలో చూసుకుని ఆ తర్వాత గడ్డి గురించి ఆలోచిస్తారు. నేనైతే ఉల్టాగా చెప్తాను. ముందు ఒక పెళ్లను ఎత్తి, బోర్లా తిప్పి చూడండి. మీ ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

ముందు పెళ్లను తిప్పి చూడండి

చూడాల్సింది నాలుగు సంగతులు. మొదటిది గడ్డి జాతి. మన లాన్‌లలో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. సన్నాకు గరిక, దాని నుంచి వచ్చిన లాన్ రకాలు ఒకటి. నర్సరీలో మెక్సికన్, కొరియన్ అని అమ్మేవి ఇంకొకటి. ఇవి రెండూ జాయ్‌సియా అనే గడ్డి వర్గానివి, మెత్తగా, దట్టంగా, నిదానంగా పెరుగుతాయి. మూడోది వెడల్పాకు గడ్డి. దీన్ని ఒక్కో నర్సరీ ఒక్కో పేరుతో అమ్ముతుంది, బఫెలో అని కొందరు, కార్పెట్ అని కొందరు. కడియం నుంచి వచ్చిన మ్యాట్ అయినా, ఊరి పక్క నర్సరీలో కొన్నదైనా ఈ మూడింటిలో ఏదో ఒకటై ఉండే అవకాశమే ఎక్కువ.

గరికకు నేల మీద పాకే తీగలూ ఉంటాయి, నేల లోపల పాకే దుంపవేళ్లూ ఉంటాయి. వేలెడు ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. వినాయక చవితి పత్రిలో ఇది ఉండడం ఎంత సహజమో, మీ వంగ మడిలో ఉండడం అంత తలనొప్పి. జాయ్‌సియా కూడా లోపల పాకుతుంది కానీ దాని వేగం తక్కువ. వెడల్పాకు గడ్డి ప్రధానంగా నేల మీది తీగలతోనే విస్తరిస్తుంది కాబట్టి తీసేసేటప్పుడు మూడింటిలోనూ ఇదే సులభం.

రెండోది తుంగ. పెళ్ల కింద నల్లగా, గోళీలంత దుంపలు, వాటిని కలుపుతూ సన్నటి తీగలు కనిపిస్తే అది తుంగే. ఆయుర్వేదం దుకాణంలో తుంగముస్తలని కొనుక్కునేది దీన్నే. లాన్‌లో మాత్రం ఇది పెద్ద శత్రువు. పైకి కనిపించే మొక్కను పీకితే తీగ తెగి దుంప లోపలే ఉండిపోతుంది, వారంలో మళ్లీ ఆకు వస్తుంది. తుంగ ఉన్న పెళ్లను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి తుంగనూ తీసుకెళ్తున్నట్టే. మీ లాన్‌లో అక్కడక్కడ గడ్డి కన్నా పొడుగ్గా, మెరిసే ఆకులతో, మూడు పలకల కాడతో ఏదైనా లేస్తుంటే ఆ భాగాన్ని సున్నంతో గీసి వేరుగా ఉంచండి. దాన్ని మంచి పెళ్లలతో కలపకూడదు.

మూడోది మట్టి, దాంట్లోని పురుగు. ఇల్లు కట్టినప్పుడు చుట్టూ నింపిన మట్టిలో కంకర, సిమెంట్ పెళ్లలు, విరిగిన టైల్స్ ఉండడం మామూలే. అలాంటిది పరవడానికి పనికొస్తుంది కానీ జల్లించకుండా కూరగాయలకు పనికిరాదు. తెల్లగా, తల గోధుమరంగులో, గుండ్రంగా ముడుచుకున్న వేరుపురుగులు కనిపిస్తే పెళ్లలను ఒక పూట బోర్లా పెట్టండి. కాకులు, గోరింకలు, ఉంటే పెరటి కోళ్లు ఆ పని చూసుకుంటాయి. తొలకరికి పెంకుపురుగులు బయటికొచ్చి గుడ్లు పెడతాయి కాబట్టి వానాకాలంలో తీసిన గడ్డిలో ఇవి ఎక్కువ. కొన్ని మ్యాట్‌ల అడుగున సన్నటి ప్లాస్టిక్ వల కూడా ఉంటుంది. అది తీయకుండా కుళ్లబెడితే తర్వాత ప్రతి పార దెబ్బకీ వల చిక్కుకుంటుంది.

నాలుగోది కంటికి కనిపించదు, మాలిని అడగాలి. గడ్డికి ఏ మందులు కొట్టారు? వెడల్పాకు కలుపుకు 2,4-డి, తుంగకు హాలోసల్ఫ్యూరాన్, చెదలకు క్లోరోపైరిఫాస్ లాంటివి లాన్‌లలో వాడతారు. ఇటీవల ఇవి పడిన మట్టిని కూరగాయలకు, గడ్డిని పశువులకు వాడొద్దు. ఏం కొట్టారో ఎవరికీ గుర్తులేకపోతే కొట్టారనే అనుకుని పూలమొక్కలకో, వాలు మీదికో మళ్లించండి.

తీసే పద్ధతి తేడా తెస్తుంది

మళ్లీ పరవాలన్నా, పిలకలు నాటాలన్నా, గడ్డి బతికుండాలి. అందుకే తీసే ముందు రోజు పొట్టిగా కత్తిరించి, ఓ మాదిరిగా తడపండి. మరీ బురదైతే మట్టి జారిపోతుంది, మరీ పొడిగా ఉంటే పెళ్ల విరిగిపోతుంది. పాత కత్తితోనో, అంచు పదునుగా ఉన్న పారతోనో అడుగు వెడల్పు గళ్లుగా కోసుకుని, పారను దాదాపు పడుకోబెట్టి కిందినుంచి తోయాలి. కూలీలు అలవాటు ప్రకారం గునపంతో నాలుగు అంగుళాల లోతున పెళ్లగిస్తారు. అది బరువు పెంచుతుంది తప్ప గడ్డికి మేలు చేయదు. వేళ్లు పట్టి ఉండే ఒకటి, ఒకటిన్నర అంగుళం చాలు.

తీసినవి ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేర్చి గోనెలు కప్పి ఉంచడం మన దగ్గర చాలామంది చేసే పని. బతికున్న గడ్డి ఊపిరి పీలుస్తూ లోపల వేడి పుట్టిస్తుంది, ఒక్క రోజులో మధ్యలోవి పసుపు పచ్చగా మారతాయి. జాగా ఉంటే నీడలో పచ్చవైపు పైకి ఉండేలా విడివిడిగా పరిచి నీళ్లు చిలకరించండి. అలాగైతే నాలుగైదు రోజులు ఆగగలరు. జాగా లేకపోతే తీసిన రోజే నాటేయాలి. కాబట్టి కొత్త చోటు సిద్ధం కాకుండా పాత గడ్డి మీద పార వేయకండి.

కుళ్లబెట్టడానికే అయితే ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు.

పెళ్లలను అలాగే పరచడం

వెంటనే లాన్ కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చుతుంది. ఇంటి ముందు తీసింది పక్క సందులో, వెనక పెరట్లో పరవొచ్చు. కానీ ఇక్కడే ఎక్కువ పెళ్లలు చచ్చిపోతాయి, కారణం దాదాపు ఎప్పుడూ నీడే. ఇంటి ముందు ఎండలో కళకళలాడిన గరికను మామిడి చెట్టు కింద పరిస్తే రెండు నెలల్లో పలచబడి మట్టి తేలుతుంది. గరికకు రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. జాయ్‌సియా కొంచెం తక్కువతో సర్దుకుంటుంది. నీడలో నిజంగా నిలిచేది వెడల్పాకు గడ్డి. మీ పక్క సందులో మధ్యాహ్నం రెండు గంటలు మాత్రమే ఎండ పడితే, మీ లాన్ గరికదైతే, ఈ దారి వదిలేయండి.

రెండో ఇబ్బంది మట్టి తేడా. ఎర్రమట్టి మీద పెరిగిన పెళ్లను నల్లరేగడి మీద నేరుగా వేస్తే రెండు పొరలుగానే ఉండిపోతాయి. వేళ్లు కిందికి దిగకుండా పైపొరలోనే తిరుగుతాయి, నీళ్లు ఆపిన వారంలోనే గడ్డి వాడిపోతుంది. కింద నేలను ఆరు అంగుళాలు తవ్వి, మాగిన పశువుల ఎరువు, కొంత ఎర్రమట్టి కలిపి, చదును చేసి, నీళ్లు పోసి కుదురుకోనిచ్చి, అప్పుడు పరవాలి. పెళ్ల మందం ఎంత ఉంటే అంత కిందికి చదును చేసుకోకపోతే వాకిలి కన్నా లాన్ ఎత్తై వాననీళ్లు గుమ్మంలోకి వస్తాయి.

పరిచేటప్పుడు అతుకులు ఇటుక గోడలో లాగా ఒకదాని కింద ఒకటి రాకుండా చూసి, సందుల్లో ఇసుక, ఎరువు కలిపి చల్లి, పలకతో తొక్కండి. మొదటి రెండు వారాలు ఉదయం సాయంత్రం తడి అందాలి. పెళ్ల మూల పట్టుకుని మెల్లగా లాగినప్పుడు లేవకపోతే వేరు పట్టినట్టే.

ఇక నీళ్ల లెక్క. మండు వేసవిలో లాన్‌కు రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే, 100 చదరపు అడుగులకు దాదాపు 45 లీటర్లు. బోరు ఎండిపోయిందని లాన్ తీసేస్తున్నవాళ్లు దాన్ని పెరట్లో మళ్లీ పరిస్తే సమస్యను ముందునుంచి వెనక్కి మార్చినట్టు అవుతుంది అంతే. వాళ్లకు ఈ దారి వద్దనే చెప్తాను.

పెళ్లలను మొత్తంగా కాకుండా నాలుగైదు మాత్రం దాచుకోవడం మంచి ఆలోచన. మిగిలిన లాన్‌లో ఎక్కడో కుక్క తవ్వింది, ఎక్కడో పైపులైను కోసం కోశారు. ఆ ఖాళీలకు అదే జాతి గడ్డి అతుకు వేస్తే మచ్చ కనిపించదు. నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మ్యాట్‌తో రంగు కలవడం కష్టం. ఒక పాత ట్రేలోనో, గంపలోనో బతికించి ఉంచుకుంటే చాలు.

పిలకలుగా, ముక్కలుగా నాటడం

నా దృష్టిలో మన వాతావరణానికి అన్నిటికన్నా లాభసాటి పని ఇదే. చల్లటి దేశాల్లో లాన్ గడ్డి చాలావరకు కుదురుగానో, నెమ్మదిగానో పెరిగే రకం. మనవి పాకే రకాలు. పాకే గడ్డిని పెళ్లగా పరచడమంటే దానికున్న ప్రధాన గుణాన్ని వాడుకోకపోవడమే.

లెక్క చూడండి. ఒక చదరపు అడుగు పెళ్లను రెండంగుళాల ముక్కలుగా కోస్తే 36 వస్తాయి. ఆరంగుళాల దూరంలో నాటితే అవి 9 చదరపు అడుగులకు సరిపోతాయి. అడుగు దూరంలో నాటితే 36 చదరపు అడుగులకు. అంటే 100 చదరపు అడుగుల పాత లాన్ నుంచి, దగ్గర దగ్గరగా నాటినా, 900 చదరపు అడుగులు, అంటే 100 గజాల స్థలం పచ్చబడుతుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ఫామ్ ప్లాట్ కొనుక్కుని అక్కడ కొంచెం పచ్చగా ఉంటే బాగుండు అనుకునేవాళ్లకు ఊళ్లోని ఇంటి లాన్ ఉచిత విత్తనం లాంటిది.

దూరం గడ్డి జాతిని బట్టి. గరికను అడుగు దూరంలో నాటినా జూన్, జులైలో మొదలుపెడితే రెండు మూడు నెలల్లో కలిసిపోతుంది. మెక్సికన్, కొరియన్ రకాలను అంత దూరంలో నాటితే ఏడాది దాకా మధ్యలో మట్టే కనిపించినా ఆశ్చర్యం లేదు. వాటికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు మించొద్దు. వెడల్పాకు గడ్డి ముక్కలకు ఎనిమిది అంగుళాలు బాగుంటుంది.

ముక్కలకు కూడా ఓపిక లేకపోతే మట్టి దులిపి తీగలను విడదీసి, రెండు మూడు కణుపులు ఉన్న పిలకలుగా చేసి, ఒక కణుపైనా మట్టిలో ఉండేలా నాటొచ్చు. మన మాలులు చేతివేళ్లతోనో, చిన్న కర్రతోనో గుంట పొడిచి నాటేది ఇలాగే. దీనివల్ల ఇంకో లాభం ఉంది. మట్టి దులిపేటప్పుడు తుంగ దుంపలు చేతికి దొరుకుతాయి, ఏరి పారేయొచ్చు. తుంగ కొద్దిగా ఉన్న లాన్‌ను కాపాడుకోవాలంటే ఇది తప్ప మరో దారి నాకు నమ్మకంగా కనిపించదు. పైగా అర టన్ను మట్టి మోయక్కర్లేదు, నాలుగు గోనెసంచుల పిలకలు కారు డిక్కీలో పడతాయి.

ఇబ్బంది ఒక్కటే, ఓపిక. మొదటి రెండు నెలలు ఖాళీల్లో కలుపు లేస్తూనే ఉంటుంది. వారానికోసారి కూర్చుని తీయగలిగితేనే దీనికి దిగండి. గృహప్రవేశానికి పచ్చగా కనబడాలి అనుకుంటే ఇది కాదు, పరచడమే.

కాలం గురించి ఒక మాట. తొలకరి నుంచి ఆగస్టు దాకా మేలు. ఫిబ్రవరి, మార్చిలో నీళ్లుంటే పర్లేదు. డిసెంబర్, జనవరిలో తెలంగాణ చలికి గరిక ముడుచుకుని కూర్చుంటుంది, నాటినా కదలదు. ఏప్రిల్, మే నెలల్లో నాటడం నీళ్లూ శ్రమా వృథా.

కుప్పగా పేర్చి మట్టి చేసుకోవడం

లాన్ ఇక వద్దు, మొక్కలు కావాలి అనుకునేవాళ్లకు ఇది. పెళ్లలను పచ్చవైపు కిందికి, వేళ్లవైపు పైకి ఉండేలా బోర్లా పేర్చుతూ, మధ్యమధ్యలో కొంచెం పేడనీళ్లు చల్లుతూ, నడుం ఎత్తు దాకా తెచ్చి, నల్ల పాలిథీన్ షీటుతో వెలుతురు జొరబడకుండా కప్పేయాలి. గడ్డి, వేళ్లు కుళ్లి మట్టిలో కలిసిపోతాయి. వేళ్లు అల్లుకున్న మట్టి కాబట్టి చివరికి గుల్లగా, ముద్ద కాకుండా, తేమ పట్టుకునే మట్టి వస్తుంది.

ఇంగ్లండ్ తోటమాలులకు ఇది పాత అలవాటు. 1930ల్లో జాన్ ఇన్నెస్ సంస్థలో కుండీల మట్టికి ఒక ప్రామాణిక పాళ్లు తయారుచేసినప్పుడు ఏడు పాళ్లు ఈ రకం మట్టి, మూడు పాళ్లు పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు), రెండు పాళ్లు ముతక ఇసుక అని పెట్టారు. ఆ ఏడు పాళ్ల మట్టి పేర్చి కుళ్లబెట్టిన గడ్డి పెళ్లలదే. మనం పీట్ బదులు కొబ్బరిపొట్టో, వర్మికంపోస్టో వేసుకుని ఇదే పాళ్లు ప్రయత్నించవచ్చు. బంతి, మందార, వంగ, మిరప కుండీలకు బాగా నప్పుతుంది.

వాళ్ల చలికి ఏడాది పట్టేది మన దగ్గర తడి ఆరకుండా చూస్తే అంతకన్నా ముందే అవుతుంది. జూన్‌లో పేర్చిన కుప్పను సంక్రాంతి తర్వాత తెరిచి చూడొచ్చు. తడి అన్న మాటే ముఖ్యం. షీటు కప్పి మరిచిపోతే వేసవిలో లోపల ఇటుకలా ఎండిపోతుంది, కుళ్లడం ఆగిపోతుంది. నెలకోసారి షీటు ఎత్తి రెండు బకెట్లు పోయండి.

ఇంగ్లండ్ పద్ధతిని ఉన్నదున్నట్టు మన పెరట్లోకి తెచ్చుకుంటే మూడు ప్రమాదాలు. ఒకటి గరిక. కుప్ప మధ్యలోది చస్తుంది, కానీ అంచుల్లో వెలుతురు తగిలిన చోటల్లా బయటికి పాకుతుంది. షీటు నేల దాకా దిగి, చుట్టూ రాళ్లతో నొక్కి ఉండాలి. రెండోది చెదలు. కుప్పను గోడకు, చెక్క గుమ్మానికి, కట్టెల మేటుకు ఆనించొద్దు. మూడోది చెప్పక్కర్లేదు, చీకటిగా, చల్లగా, తేమగా ఉన్న చోటు తేళ్లకు, పాములకు ఇష్టం. షీటు ఎత్తేటప్పుడు ముందు కర్రతో తట్టండి, చెప్పుల్లేకుండా వెళ్లకండి. చిన్నపిల్లలు ఆడుకునే పెరట్లో నేను ఈ కుప్ప పెట్టమని చెప్పను.

తుంగ ఉన్న పెళ్లలకు ఈ పద్ధతి పనిచేయదు. చీకట్లో కూడా దుంప చాలాకాలం ఓర్చుకుంటుంది. ఆ మట్టిని కుండీలకు వేస్తే ప్రతి కుండీలోనూ తుంగ మొలుస్తుంది. ఇక మేడ మీద ఈ కుప్ప అనే ఆలోచనే వద్దు. నడుం ఎత్తు తడి మట్టి బరువు శ్లాబు మీద పెట్టేది కాదు.

ఉన్నచోటే బోర్లా తిప్పి మడి చేయడం

వినడానికి అన్నిటికన్నా తేలిక. గడ్డిని ఎక్కడికీ మోయక్కర్లేదు. గాడి తవ్వి, పెళ్లను పచ్చవైపు కిందికి వచ్చేలా అడుగున వేసి, పారతో నరికి, ఎనిమిది పది అంగుళాల మట్టి కప్పి, పైన కంపోస్ట్ వేసి నాటుకోవడం. లేదంటే గడ్డి మీదే అట్టపెట్టెలు పరిచి, పైన మట్టి, ఎరువు వేయడం. ఆన్‌లైన్ వీడియోల్లో ఇది చూసి ఉంటారు. అవి చాలావరకు గరిక బెడద లేని చోట్ల తీసినవి.

వెడల్పాకు గడ్డి అయితే సందేహం లేకుండా చేయండి, బాగా పనిచేస్తుంది. జాయ్‌సియా అయితే మొదటి సీజన్ కొంచెం కలుపు తీయాల్సి వస్తుంది. గరిక, తుంగ అయితే వద్దు. గరిక అట్టల అతుకుల్లోంచి దారి వెతుక్కుంటుంది, తుంగ మొలక సూదిలా అట్టను పొడుచుకునే వస్తుంది. మడి కట్టి, మొక్కలు వేసి, డ్రిప్ పరిచాక అవి లేస్తే తీయడం మామూలు పని కాదు.

ఏ గడ్డి మీద చేసినా మొదటి పంటగా తోటకూర, పాలకూర, కొత్తిమీర చల్లకండి. సన్న మొలకల మధ్య గడ్డి ఏరడం నరకం. నేలంతా కప్పే గుమ్మడి, సొర, దోస లాంటివి వేస్తే నీడకే సగం గడ్డి లొంగుతుంది. కింద గడ్డి కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజని కొంతకాలం దానికే ఖర్చవుతుంది కాబట్టి మొక్కలు పాలిపోతే టెన్షన్ పడక, పైన వర్మికంపోస్ట్ ఇంకొంచెం వేయండి.

పెద్ద డ్రమ్ములు, లోతైన గ్రోబ్యాగులు ఉన్నవాళ్లు అడుగు మూడోవంతు బోర్లా పెళ్లలతో నింపొచ్చు. మట్టి ఖర్చు తగ్గుతుంది. కుళ్లిన కొద్దీ మట్టం దిగుతుంది, ప్రతి సీజన్ పైన నింపుకోవాలి.

గట్టు, వాలు

పొలంలో ఫామ్‌పాండ్ తవ్వారు, ప్లాట్ చుట్టూ కట్ట పోశారు, వాన పడినప్పుడల్లా మట్టి జారుతోంది. గరిక పెళ్లలకు ఇంతకన్నా మంచి చోటు లేదు. చెరువు కట్టలకు, కాలువ గట్లకు బయటి వాలు మీద గడ్డి పట్టించడం ఇంజినీర్లు ఎప్పటినుంచో చేస్తున్న పని. పెళ్లలను వాలుకు అడ్డంగా, కిందినుంచి పైకి వరుసలుగా వేసి, వెదురు పుల్లలతో నేలకు గుచ్చాలి. నీడ సమస్య ఉండదు, అందంగా ఉండాలన్న పట్టింపు ఉండదు, మందు అవశేషాల భయం కూడా తక్కువ.

అయితే పక్క పొలం రైతును అడగకుండా గట్టు మీద గరిక వేయకండి. గట్టు మీద ఉన్నంతవరకు అది కాపలా, మడిలోకి దిగితే కలుపు. తగాదాలు ఇలాగే మొదలవుతాయి.

ఇచ్చేయడం

మందులు పడని గరికను దగ్గర్లో పాలవాళ్లు గేదెలకు తీసుకెళ్తారు, మట్టి దులిపి ఇవ్వాలి అంతే. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటో పెడితే మిద్దెతోటవాళ్లు, కొత్తగా లాన్ వేసేవాళ్లు ఎవరో ఒకరు వస్తారు. పార వేయకముందే పెట్టండి. తీసి కుప్ప పోశాక పెడితే వాళ్లు ఆదివారం వస్తామంటారు, గడ్డి శుక్రవారానికే ఉడికిపోతుంది. తుంగ ఉంటే ఆ మాట ముందే చెప్పడం మర్యాద.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ల లాన్‌లు ఎక్కువగా రైగ్రాస్, ఫెస్క్యూ రకాలు. పిలకలు నాటడం అక్కడ కుదరదు, కుప్ప పేర్చడం మాత్రం చక్కగా కుదురుతుంది. పరవాలంటే శరదృతువు నుంచి వసంతం మొదలు దాకా, నేల గడ్డకట్టని రోజు చూసుకోండి. అమెరికాలో డాలస్, హ్యూస్టన్ వైపైతే కథ మన దగ్గరిదే. అక్కడ బెర్ముడా అనేది మన గరికే, సెయింట్ ఆగస్టిన్ వెడల్పాకు రకం. పైన వాటికి చెప్పినవే వర్తిస్తాయి. ఇంటి ముందు లాన్ తీయడానికి కాలనీ సంఘం నియమాలు ఒప్పుకుంటాయో లేదో కనుక్కోండి, కొన్నిచోట్ల జరిమానా వేస్తారు.

మరి మీకు ఏది?

పార్కింగ్ కోసం తీస్తున్నారు, లాన్ శుభ్రంగా ఉంది, వేరేచోట ఎండ పడే స్థలం ఉంది: తక్కువ జాగా అయితే పరవండి, ఎక్కువ జాగా అయితే పిలకలు నాటండి. రెండూ కలిపి చేసినా బాగుంటుంది. కంటికి కనిపించే ముందుభాగంలో పెళ్లలు, వెనక ముక్కలు.

నీళ్లు లేక తీస్తున్నారు: ఒక ట్రే గడ్డి ఉంచుకుని మిగిలింది కుప్ప వేయండి. పెరడు చిన్నదై కుప్పకు భయపడితే ఇచ్చేయండి.

కూరగాయల కోసం తీస్తున్నారు: వెడల్పాకు గడ్డి అయితే ఉన్నచోటే తిప్పేయండి. గరిక అయితే మొత్తం పెళ్లలుగా లేపి గట్టుకో, పాలవాళ్లకో పంపి, మిగిలిన నేలను తడిపి, ఏప్రిల్, మే ఎండల్లో నాలుగు నుంచి ఆరు వారాలు పారదర్శక పాలిథీన్ కప్పి ఉంచండి. ఇక్కడ నల్లది కాదు, పారదర్శకమైనదే వేయాలి. ఎండ లోపలికి పోయి మట్టిని ఉడికిస్తుంది, పైపొరలో మిగిలిన గరిక వేళ్లు చాలావరకు చస్తాయి. అందుకే కూరగాయల ఆలోచన ఉన్నవాళ్లు మార్చి చివర్లో లాన్ తీయడం మంచిది.

తుంగతో నిండిపోయిన లాన్: పరవడం, కుప్ప, తిప్పడం, ఇవ్వడం ఏదీ వద్దు. మండుటెండలో పెళ్లలను పగలగొట్టి, బండ మీదో టార్పాలిన్ మీదో పలచగా పరిచి, రోజూ తిరగేస్తూ, దుంప చేత్తో విరిస్తే పుటుక్కున విరిగేంత ఎండనివ్వండి. తర్వాత జల్లెడ పట్టి, దుంపల్ని వేరు చేసి కాల్చేయండి. జల్లించిన మట్టిని ముందు ఒక్క కుండీలో నింపి, నీళ్లు పోసి, మూడు వారాలు ఖాళీగా చూడండి. అందులో తుంగ మొలవకపోతేనే మిగిలింది వాడండి. వానాకాలంలో ఈ పని సాధ్యం కాదు, వేసవి దాకా ఆ భాగాన్ని తీయకుండా వదిలేయడమే నయం.